పిలవని పేరంటం: స్పామ్ వచ్చిన త్రోవ

నాంపల్లి రైల్వేస్టేషను ముందరో, ఆబిడ్స్ పెద్ద తపాలా కచేరి వద్దనో నడచిపోయే మనిషి చేతిలో ఎవరో ఒక కరపత్రం పెట్టి పోవడం మన పట్టణవాసులకు కొత్త కాదు. దంతవైద్యుని ప్రకటన ఒకటి, ట్యూషన్ల ప్రకటన మరొకటి. వీటన్నిటికంటె వింతైన కరపత్రం ఒకటి చాలాకాలం మన ఊళ్లలో తిరిగినది. తిరుపతి కొండమీద ఒక సర్పం కనిపించి, మనిషి రూపు దాల్చి మాట్లాడిందనీ, ఈ సంగతిని వేయి ప్రతులు అచ్చు వేయించి పంచినవారికి లాటరీ తగులుతుందనీ, చించి పారవేసినవారికి కీడు మూడుతుందనీ అందులో ఉండేది. పెద్దవాళ్లు నవ్వి పక్కన పెట్టేవారు. పిల్లలు మాత్రం రాత్రి నిద్రపోయేముందు ఆ కాగితాన్ని తలచుకొని భయపడేవారు.

విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న లెక్క వేయవచ్చును. ఒకడు వేయి ప్రతులు పంచినాడనుకొందాం. వేయిమందిలో పదిమంది మాత్రమే నమ్మి, తాము కూడ తలా వేయి ప్రతులు వేయించినారనుకొందాం. రెండవ విడతకు పదివేలు, మూడవ విడతకు లక్ష, నాలుగవ విడతకు పది లక్షలు, అయిదవ విడతకు కోటి, ఆరవ విడతకు పది కోట్లు. తెలుగు మాటలాడే జనమంతటికీ తలా ఒకటి ఇచ్చినా ఇంకా మిగులుతవి. మరి అట్లా ఎందుకు జరగలేదు? జనానికి బుద్ధి ఉండి కాదు. అచ్చాఫీసువాడు డబ్బు అడుగుతాడు గనుక. కాగితానికి ఖర్చు, అచ్చుకు ఖర్చు, పంచేందుకు కాళ్ల నొప్పి. ఆ ఖర్చే ఆ కరపత్రానికి కళ్లెం.

ఆ కళ్లెం ఊడిపోతే ఏమి జరుగుతుందన్నదే ఈ వ్యాసంలోని కథ. ఇంటర్నెట్టులో మనం అడగకుండా, మన పేరు ఎరగకుండా, ఒకే మాటను లక్షలమంది నెత్తిన కుమ్మరించే ఉత్తరాన్ని నేడు ప్రపంచమంతటా స్పామ్ అంటున్నారు. మన భాషలో దీనిని అయాచిత లేఖ అనవచ్చును. కాని తపాలాబంట్రోతు తెచ్చే ఉత్తరానికి ఉన్న గౌరవం దీనికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. స్పామ్ అనే అందాం.

ఈ జబ్బు కంప్యూటరుకంటె పాతది. 1864లో లండను నగరంలో గేబ్రియల్ అనే దంతవైద్యుల సంస్థ పార్లమెంటు సభ్యులకూ, ఇతర పెద్దమనుషులకూ సాయంకాలంపూట తంతులు పంపినది. ఆ రోజులలో ఇంటికి తంతి వచ్చిందంటే గుండె దడదడలాడేది. విప్పి చూస్తే, ఫలానా వేళల్లో మావద్ద పళ్లు చూపించుకోవచ్చునని ఉన్నది. కోపించిన ఒక పెద్దమనిషి టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసినాడు. అయినా ఆ దంతవైద్యులు ప్రతి తంతికీ తమ జేబునుండే డబ్బు చెల్లించినారు. కళ్లెం ఇంకా ఊడలేదు.

ఊడేచోటును మొట్టమొదట గుర్తించినవారిలో జోనథన్ పోస్టెల్ ఒకడు. ఇంటర్నెట్టుకు పూర్వరూపమైన ఆర్పానెట్ అనే అమెరికా పరిశోధనా జాలానికి నియమాలు వ్రాసినవారిలో ఆయన ముఖ్యుడు. 1975 నవంబరులో ఆయన ఒక చిన్న పత్రం వ్రాసినాడు. తనకు వద్దనుకొన్న సందేశాలను ముందే నిరాకరించే ఏర్పాటు ఈ జాలంలోని యంత్రాలకు లేదనీ, ఎవడైనా అదేపనిగా సందేశాలు పంపితే పుచ్చుకొనేవాని పని చెడుతుందనీ దాని సారం. వినేవారు లేకపోయినారు. ఆనాటి జాలంలో ఉన్నవారందరూ ఒకరినొకరు ఎరిగిన పండితులే. దొంగలు లేని అగ్రహారంలో తలుపులకు గడియ ఎందుకన్న ధోరణి. 1982లో అదే పోస్టెల్ వ్రాసిన ఉత్తరాల బట్వాడా నియమావళిలో కూడ, పంపినవాని పేరు నిజమా కాదా అని పరీక్షించే అంశం చేరలేదు. నేటికీ మన ఈ-మెయిలుకు పునాది ఆ నియమావళియే. పైన ఎన్ని తాళాలు తరువాత బిగించినా, గోడ కట్టినప్పుడు గడియ పెట్టలేదన్నది నిజం.

పోస్టెల్ హెచ్చరించిన మూడేండ్లకు, 1978 మే 3న, డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ల కంపెనీలో అమ్మకాలు చూసే గారీ థురెక్ అనే ఉద్యోగి ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే ఉత్తరం పంపినాడు. కొత్త కంప్యూటరును కాలిఫోర్నియాలో ప్రదర్శిస్తున్నాము, వచ్చి చూడండి అని ఆహ్వానం. చిరునామాలన్నీ అచ్చయిన డైరెక్టరీనుండి చూచి చేత్తో కొట్టించినవే. అన్ని పేర్లు పట్టే జాగా ఆ ప్రోగ్రాములో లేక, మిగిలిన చిరునామాలు ఉత్తరం లోపలికే పొర్లిపోయినవి. చదివినవారు ముందు ఒక పేజీ నిండా పేర్లు చూచి, ఆ తరువాత విషయానికి రావలసి వచ్చినది. జాలాన్ని నడిపే రక్షణశాఖవారు మందలించినారు. అయినా ఆ ఒక్క ఉత్తరంవల్ల కోటికి పైగా డాలర్ల అమ్మకాలు జరిగినవని థురెక్ తరువాత చెప్పుకొన్నాడు. మందలింపు ఒక చెవినుండి, లాభం రెండవ చెవినుండి వినబడితే మనిషి దేనివైపు తల తిప్పుతాడో వేరే చెప్పనక్కరలేదు.

ఇక తెలుగువారి సంగతికి వద్దాం. అందుకు యూస్‌నెట్ అనే మరొక వ్యవస్థను కొంచెం నిదానంగా తెలుసుకోవాలి. స్పామ్ ఒక మనిషిని కాక ఒక సంఘాన్ని తాకడం మొదట అక్కడే జరిగినది.

1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులు దీనిని ఊహించినారు. మరుసటి ఏడు అది బయటికి వచ్చినది. దీనికి కేంద్రం లేదు, యజమాని లేడు. ఒక కంప్యూటరు రాత్రిపూట టెలిఫోను తీగమీద పక్క కంప్యూటరును పిలుస్తుంది. నీవద్ద లేని లేఖలు నావద్ద ఏవేవి ఉన్నవో ఇచ్చివేస్తాను, నావద్ద లేనివి నీవు ఇయ్యి అంటుంది. అది మరొకదానిని పిలుస్తుంది. ఊరిబావివద్ద ఒక కబురు పుడితే సాయంత్రానికి వాడవాడలా పాకినట్లే, ఒక విశ్వవిద్యాలయంలో వ్రాసిన లేఖ కొద్దిరోజులలో ఖండాలు దాటేది. లేఖలను విషయాలవారీగా బృందాలుగా విభజించినారు. గణితానికి ఒకటి, వంటలకు ఒకటి, ఆయా దేశాల సంస్కృతులకు ఒక్కొక్కటి.

ఈ వరుసలోనే తెలుగువారి బృందం వెలసినది. సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అని దాని పూర్తి పేరు. పాతకాపులు స్కిట్ అని ముద్దుగా పిలిచేవారు. వ్రాసేవారిలో ఎక్కువమంది అమెరికాలో పైచదువులకు పోయిన మన విద్యార్థులు, ఇంజనీర్లు. అప్పటి సామాన్య కంప్యూటర్లలో తెలుగు లిపి కనిపించేది కాదు గనుక ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు వ్రాసుకొనేవారు. ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు వ్రాస్తే చదివేవాడు తికమకపడతాడు గదా. టెక్సాస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ అనే తెలుగువారు దీనికొక పద్ధతి కుదిర్చినారు. చిన్న అక్షరం హ్రస్వానికి, పెద్ద అక్షరం దీర్ఘానికి అన్నట్లుగా సాగే ఆ పద్ధతికి ఆ విశ్వవిద్యాలయం పేరే నిలిచినది. దానిని క్లుప్తంగా ఆర్.టి.ఎస్. అంటారు. తరువాత కాలంలో లేఖిని వంటి పనిముట్లతో కంప్యూటరుమీద తెలుగు వ్రాసిన వేలమంది వాడినది ఈ అక్షరక్రమాన్నే. ప్రభుత్వ సాయం లేకుండా, ఎవరి ఆజ్ఞా లేకుండా, ఊరికి దూరమైన కొందరు కుర్రవాళ్లు ఒక రచ్చబండకోసం చేసుకొన్న ఏర్పాటు ఒక భాషకంతటికీ పనికివచ్చినది. ఈ సంగతిని మన పాఠశాలలలో చెప్పవలసినంతగా చెప్పడం లేదని నా ఫిర్యాదు.

రచ్చబండకు తలుపు లేదు. దారిన పోయేవాడు కూర్చోవచ్చును, మాట కలపవచ్చును, నచ్చకపోతే లేచి పోవచ్చును. దాని గుణమూ అదే, దాని ప్రమాదమూ అదే.

1994 జనవరి 18న ఆ ప్రమాదం మొదటిసారి పెద్దయెత్తున కనిపించినది. అమెరికాలోని ఆండ్రూస్ విశ్వవిద్యాలయపు ఉద్యోగి ఒకడు, క్రీస్తు త్వరలో రానున్నాడన్న మతప్రబోధాన్ని యూస్‌నెట్‌లోని బృందాలన్నిటిలోనూ వేసినాడు. అది ఇంచుమించు మన తిరుపతి కరపత్రానికి అన్న. జనం విసుక్కొన్నారు గాని అందులో డబ్బు లేదు గనుక ఎవరూ దానిని అనుకరించలేదు.

మూడు నెలలకు, ఏప్రిల్ 12న వచ్చినది అసలు వరద. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో లారెన్స్ కాంటర్, మార్తా సీగెల్ అనే న్యాయవాద దంపతులు ఉండేవారు. అమెరికా ప్రభుత్వం గ్రీన్‌కార్డులను లాటరీ పద్ధతిన ఇవ్వనున్నది, గడువు దగ్గరపడుతున్నది, మావద్దకు వస్తే రుసుము పుచ్చుకొని దరఖాస్తు చేసి పెడతామని వారి ప్రకటన. నిజానికి ఆ దరఖాస్తుకు ప్రభుత్వానికి కట్టవలసిన రుసుమంటూ లేదు. తెల్లకాగితంమీద వివరాలు వ్రాసి తపాలాలో వేస్తే సరిపోయేది. ఈ దంపతులు ఒక ప్రోగ్రాము వ్రాయించి, అయిదున్నర వేలకు మించిన బృందాలలో తమ ప్రకటనను పడవేసినారు.

ఇందులో తెలుగువారు గమనించవలసిన విచిత్రం ఒకటున్నది. ఏ దేశాలలో పుట్టినవారికి ఆ లాటరీలో అర్హత లేదో ఆ ప్రకటనలోనే జాబితా ఇచ్చినారు. ఆ జాబితాలో భారతదేశం పేరు ఉన్నది. అమెరికాకు అప్పటికే ఎక్కువగా వలస పోతున్న దేశాలవారికి ఆ లాటరీ వర్తించదన్నది నియమం. మీకు ఇది పనికిరాదని తానే చెప్పే ప్రకటన, భారతీయులు కూర్చున్న బృందాలకు కూడ వచ్చి పడినది! సామాన్య వ్యాపారి ఇట్టి పని చేయడు. పత్రికలో ప్రకటనకు అంగుళానికి ఇంతని చెల్లించేవాడు, తన సరుకు కొననివారి పత్రికలో ఎందుకు వేస్తాడు? స్పామ్ పంపేవానికి ఆ ఆలోచనతో పనిలేదు. అనవసరమైన చోటును జాబితానుండి ఏరివేయడానికి పట్టే శ్రమకంటె, అక్కడ కూడ పడవేయడమే అతనికి చవక. పిలవని పేరంటానికి వచ్చినవాడు, అది పెండ్లా, తద్దినమా అని కూడ విచారించడన్నమాట.

ఒకే లేఖను అనేక బృందాలకు పంపడం యూస్‌నెట్‌లో తప్పు కాదు. దానికొక మర్యాద ఉండేది. లేఖ తలకట్టులో ఆ బృందాల పేర్లన్నీ వరుసగా వ్రాయాలి. అప్పుడు ప్రతి కంప్యూటరులోనూ ఒకే ప్రతి నిలువ ఉంటుంది. ఒక బృందంలో దానిని చదివినవానికి మరొక బృందంలో మళ్లీ కనిపించదు. కాంటర్ దంపతుల ప్రోగ్రాము అట్లా చేయలేదు. ప్రతి బృందానికీ వేరువేరు లేఖగా వేసినది. పది బృందాలు చదివేవానికి పదిసార్లూ అదే దర్శనం. నిలువ సంగతి చూడండి. లేఖలో 2,000 అక్షరాలున్నవని లెక్కకోసం అనుకొందాం. మర్యాదగా పంపితే 2,000 అక్షరాల జాగా చాలును. 5,500 సార్లు పంపితే కోటీ పది లక్షల అక్షరాల జాగా కావాలి. అది కూడ యూస్‌నెట్‌లోని ఒక్కొక్క కంప్యూటరులో. క్షణానికి 960 అక్షరాలు తెచ్చే ఆనాటి సామాన్య టెలిఫోను లంకెమీద, ఆ ప్రకటన ప్రతులన్నీ ఒక చోటు చేరడానికి మూడు గంటలకు పైగా పడుతుంది. ఆ టెలిఫోను ఖర్చు ఎవరిది? పుచ్చుకొన్న విశ్వవిద్యాలయానిది. పంపినవారిది మాత్రం కాదు. తిరుపతి కరపత్రానికి ఉన్న కళ్లెం ఇక్కడ పూర్తిగా ఊడి, పగ్గం వచ్చి పుచ్చుకొనేవాని మెడకు పడినది.

ప్రపంచం నలుమూలలనుండి తిట్లు కురిసినవి. ఆ తిట్ల వరదలో దంపతులకు కనెక్షను ఇచ్చిన కంపెనీ యంత్రాలు పలుమార్లు స్తంభించినవి. ఆ కంపెనీ వారిని వదలించుకొన్నది. నార్వేలో ఆర్న్ట్ గుల్‌బ్రాండ్‌సెన్ అనే యువకుడు వారి లేఖలను వెదకి రద్దుచేసే ప్రోగ్రాము వ్రాసినాడు. దంపతులు మాత్రం తమకు లక్ష డాలర్ల వ్యాపారం జరిగిందని ప్రకటించి, ఇట్లాగే ధనం సంపాదించడం ఎట్లా అన్న పుస్తకం కూడ ఆ ఏడే వ్రాసినారు. 1997లో టెనెసీ రాష్ట్రం కాంటర్‌ను న్యాయవాద వృత్తినుండి తొలగించినది. అప్పటికి పుస్తకం చేయవలసిన పని చేసివేసినది.

స్పామ్ అన్న మాట ఎక్కడిదని విద్యార్థులు అడుగుతారు. అది 1937లో హార్మెల్ అనే అమెరికా కంపెనీ డబ్బాలలో అమ్మకానికి పెట్టిన పందిమాంసం పేరు. 1970లో మాంటీ పైథాన్ అనే ఇంగ్లీషు హాస్యబృందం టెలివిజనులో ఒక ప్రహసనం వేసినది. ఒక హోటలులో ఏది అడిగినా అందులో స్పామ్ ఉంటుంది. ఆ మాటనే పదే పదే పాడుతూ మిగిలిన సంభాషణను ముంచివేస్తారు. 1993 మార్చి 31న రిచర్డ్ డెప్యూ అనే ఆయన మంచి ఉద్దేశంతో వ్రాసిన ఒక ప్రోగ్రాము చెడిపోయి, ఒక యూస్‌నెట్ బృందంలో సుమారు రెండు వందల లేఖలు తానే వేసినది. అప్పుడు జనం ఆ ప్రహసనాన్ని తలచుకొని ఈ పేరు వాడినారు. కాంటర్ దంపతుల పుణ్యమా అని అది లోకమంతా పాకినది. శాకాహారులైన మన తాతలకు ఈ వ్యుత్పత్తి చెప్పకపోవడమే మంచిది.

తరువాతి ఘట్టం నాకు అన్నిటికంటె బాధాకరంగా తోస్తుంది. బహిరంగ బృందంలో వ్రాసే ప్రతివాడూ లేఖ తలమీద తన ఈ-మెయిలు చిరునామా ఇచ్చేవాడు. ఇది మర్యాద. మాట నచ్చినవాడు విడిగా ఒక ఉత్తరం వ్రాయవచ్చును, అట్లా స్నేహాలు కలుస్తవి. స్పామ్ వ్యాపారులు యూస్‌నెట్ లేఖలన్నీ జల్లెడపట్టి, చిరునామా గుర్తు ఉన్న ప్రతి మాటనూ ఏరుకొనే ప్రోగ్రాములు వ్రాయించినారు. థురెక్ చేత్తో కొట్టించిన పని ఇప్పుడు యంత్రం నిద్రాహారాలు లేకుండా చేస్తున్నది. రచ్చబండవద్ద ఎక్కువగా మాట్లాడిన పెద్దమనిషికే ఎక్కువ స్పామ్ వచ్చేది. ఊరక కూర్చున్నవానికి తక్కువ. జనం చిరునామాలను దాచుకోవడం, వంకరటింకరగా వ్రాయడం మొదలుపెట్టినారు. పేరూ ఊరూ చెప్పుకొని మాట్లాడే మర్యాద అట్లా సన్నగిల్లినది.

మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ఇంటర్నెట్టు ప్రజలకు అందినది 1995 ఆగస్టు 15న. అంటే మనవాళ్లు ఇక్కడ తలుపు తట్టేసరికి లోపల వరద మోకాలిలోతు ఉన్నది. అప్పటి కనెక్షనుకు గంటల లెక్కన సొమ్ము కట్టేవారు. ఈ-మెయిలు తెరచి, ముప్పది చెత్త ఉత్తరాలు దిగేదాక వేచి, ముప్పది ఒకటవదిగా అమెరికాలోని అన్నగారి ఉత్తరం చూసుకొన్న ఇల్లాలికి స్పామ్ అంటే ఏమిటో నిర్వచనం అక్కరలేదు.

రచ్చబండలు ఏమయినవి? కాపలా లేని యూస్‌నెట్ బృందాలలో మందుబిళ్లల ప్రకటనలు, శీఘ్రంగా ధనికులయ్యే ఉపాయాలు నిండినకొద్దీ, మాట్లాడేవారు లేచిపోయినారు. తెలుగువారు కూడ సభ్యత్వం ఉండే చోట్లకు మారినారు. యాహూ కంపెనీ ఏర్పరచిన బృందాలలో రచ్చబండ అన్న పేరుతోనే ఒకటి సాహిత్యచర్చకు నడిచినది. చేరాలంటే అడగాలి. ఈ పద్ధతి ఫలించినది. మాట దక్కినది. కాని దారిన పోయేవాడు ఇక ఊరక కూర్చోలేడు. ఏ పల్లెటూరి బళ్లోనో చదువుకొనే పిల్లవాడు అనుకోకుండా ఒక పండితచర్చలో తలదూర్చి, తిట్టు తిని, నేర్చుకొని, నిలబడే అవకాశం సన్నగిల్లినది. స్పామ్ వలన నష్టం ఎంత అని లెక్క కట్టేవారు విద్యుచ్ఛక్తినీ, ఉద్యోగుల గంటలనూ లెక్కిస్తారు. ఈ పద్దు ఏ లెక్కలోనూ చేరదు.

ఇంత చెత్తను పంపేవానికి గిట్టుబాటు ఎట్లా అవుతుంది? 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు దీనిని చాకచక్యంగా కొలిచినారు. ఆనాటికి స్పామ్ పంపేది వ్యాపారుల కంప్యూటర్లు కావు. యజమానికి తెలియకుండా దొంగ ప్రోగ్రాము దూరిన లక్షలాది ఇండ్ల కంప్యూటర్లు దూరాననున్న ఆజ్ఞనుబట్టి పంపేవి. అట్టి దొంగదండులో స్టార్మ్ అనేది ఒకటి. పరిశోధకులు దానిలో ఒక మూలకు ప్రవేశించి, 26 రోజులపాటు మందుల ప్రకటనలను గమనించినారు. సుమారు 35 కోట్ల ఉత్తరాలు పోయినవి. కొనడానికి సిద్ధపడినవారు 28 మంది! అంటే ఒకటింబాతిక కోటి ఉత్తరాలకు ఒక బేరం. తపాలా బిళ్ల పైసాకు దొరికినా ఆ వ్యాపారి దివాలా తీయవలసిందే. ఇక్కడ బిళ్లే లేదు గనుక 2,700 డాలర్లదాకా రాబడి కనిపించినది. అది ఆ దండులో చిన్న భాగం మాత్రమే.

ఆ ఏడే నవంబరు 11న, దొంగదండుల ఆజ్ఞాయంత్రాలకు చోటిచ్చిన మెకోలో అనే కాలిఫోర్నియా కంపెనీకి కనెక్షను కోసివేసినారు. ప్రపంచంలోని స్పామ్ ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయినది. కొన్ని నెలలకు మళ్లీ లేచినదనుకోండి. 2011లో మరొక పరిశోధన ఇంకొక ముడి చూపినది. స్పామ్ ద్వారా అమ్మే మందులు, నకిలీ గడియారాలు మొదలైన సరుకులలో నూటికి తొంభై అయిదింటి డబ్బు కొద్దిపాటి బ్యాంకుల ద్వారానే చేరుతున్నదట. లక్షల కంప్యూటర్లను వెదకేకంటె ఆ బ్యాంకుల తలుపు తట్టడం సులభమని దీని తాత్పర్యం.

చట్టాలమాట క్లుప్తంగా చెబుతాను. అమెరికా 2003లో ఒక చట్టం చేసినది. మన దేశంలో ఈ-మెయిలు స్పామ్‌కు ప్రత్యేకించి చట్టమంటూ రాలేదు. సమాచార సాంకేతిక చట్టంలోని 66-ఏ విభాగం దీనిని కొంత తాకినది గాని, అది భావస్వాతంత్ర్యానికే అడ్డుపడుతున్నదని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసినది. చెత్తను ఆపబోయి మాటను ఆపడం ఈ రంగంలో ఎప్పుడూ పొంచియుండే ప్రమాదం. టెలిఫోను ప్రకటనలను వద్దనుకొనేవారు 1909 నంబరుకు తెలుపుకొనే ఏర్పాటు మాత్రం ఉన్నది.

చట్టంకంటె ఎక్కువ మేలు చేసినది ఒక పాత గణితసూత్రం. థామస్ బేస్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు వ్రాసిపెట్టి, మరణానంతరం 1763లో ప్రకటితమైన సంభావ్యతా సూత్రాన్ని 1998లో కొందరు పరిశోధకులు స్పామ్‌కు అన్వయించినారు. 2002లో పాల్ గ్రాహమ్ అనే ఆయన వ్రాసిన వ్యాసంతో అది బహుళప్రచారంలోకి వచ్చినది. తరగతిలో చెప్పదగిన ఉదాహరణ చూడండి. నూరు చెత్త ఉత్తరాలలో 40 ఉత్తరాలలో లాటరీ అన్న మాట ఉన్నదనుకొందాం. నూరు మంచి ఉత్తరాలలో ఒకదానిలోనే ఉన్నది. వచ్చేవాటిలో చెత్త, మంచి సగం సగం అయితే, ఆ మాట కనిపించిన ఉత్తరం చెత్త అయ్యే సంభావ్యత 41లో 40 పాళ్లు, అంటే సుమారు నూటికి 98. ఇట్లా ప్రతి మాటకూ లెక్క కట్టి కలిపితే జల్లెడ తయారవుతుంది. ఎవరి ఉత్తరాలనుబట్టి వారి జల్లెడ కుదురుతుంది గనుక దానిని మోసగించడం కష్టం.

తెలుగుకు వచ్చేసరికి ఈ జల్లెడకు కొన్ని చిక్కులు. ఇంగ్లీషులో ఒక మాట చాలావరకు ఒకే రూపాన ఉంటుంది. మన బహుమతి అన్న మాట బహుమతిని, బహుమతికి, బహుమతులతో, బహుమతేమిటి అని విభక్తితోనూ, సంధితోనూ వేషాలు మారుస్తుంది. యంత్రం వీటిని వేరువేరు మాటలుగా లెక్కిస్తే ఒక్కొక్కదాని లెక్క పలుచబడుతుంది. ఇక ఇంగ్లీషు లిపిలో ఎవరికి తోచినట్లు వారు వ్రాసే తెలుగు ఉన్నది. రైస్ పద్ధతి కుదిర్చిన కుర్రవాళ్లు తీర్చిన తికమకే, చేతిఫోనుల కాలంలో మళ్లీ తలెత్తినది. తెలుగు ధాతువులనూ ప్రత్యయాలనూ విడదీసే ప్రోగ్రాములు వ్రాసే విద్యార్థి, తెలియకుండానే స్పామ్‌ను ఆపే పని కూడ చేస్తున్నాడు.

చేతిఫోను వచ్చిన తరువాత తిరుపతి కరపత్రం కొత్త జన్మ ఎత్తినది. పదకొండుమందికి పంపండి, శుభవార్త వింటారు అని వచ్చే సందేశాన్ని ఇప్పుడు దొంగదండు పంపడం లేదు. మన పెద్దమ్మ పంపుతున్నది, మన సహాధ్యాయి పంపుతున్నాడు. జల్లెడ ఎదురుచూచేది అపరిచితుణ్ణి, వచ్చేది ఆప్తుడు. ఇది నవ్వులాటగా ఆగలేదు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు దిగినవన్న వదంతి తెలంగాణ పల్లెలలో వాట్సాప్ ద్వారా పాకినది. హైదరాబాదులోని చాంద్రాయణగుట్టలో ఆ అనుమానంతోనే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపినది. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపి, డప్పు వాయించి, పాటలు పాడించి ఆ సందేశాలు అబద్ధమని చెప్పించినారు. ఒక్క నొక్కుతో పోయే అబద్ధం వెంట డప్పు పట్టుకొని నడిచిపోవలసి వచ్చిందన్నమాట.

ఆ ఏడు జూలైలో వాట్సాప్ కంపెనీ, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చోట్లకు మించి ముందుకు పంపకుండా కట్టడి ప్రకటించినది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే అనేక చేతులు మారిన సందేశమైతే ఒకసారికి ఒక్క చోటికే అన్నది. అట్టి సందేశాలు నూటికి డెబ్బది వంతులు తగ్గినవని ఆ నెలలోనే చెప్పినది. సందేశంలోని మాటలను ఎవరూ పరీక్షించలేదు, ఎవరినీ శిక్షించలేదు. పంపేవాని బొటనవ్రేలికి కొంచెం శ్రమ కల్పించినారు, అంతే. అచ్చాఫీసు ఖర్చు మరొక రూపాన తిరిగివచ్చినది.

యాహూ బృందాలు 2020 డిసెంబరు 15న మూతపడినవి. యూస్‌నెట్ బృందాలను చాలాకాలంగా వెబ్బులో చూపుతూ వచ్చిన గూగుల్, 2024 ఫిబ్రవరి 22నుండి కొత్త లేఖలను పుచ్చుకోవడం మానివేసినది. చెప్పిన కారణాలలో స్పామ్ ఒకటి. పాత లేఖలు మాత్రం చదువుకోవడానికి ఉంచినది. పుట వెనుక పుట మందుబిళ్లల ప్రకటనలను తిప్పుకొంటూ వెనుకకు పోతే, పెద్ద అక్షరాలతో దీర్ఘాలు, చిన్న అక్షరాలతో హ్రస్వాలు కూర్చి వ్రాసిన ఆనాటి తెలుగు అక్కడ కనిపిస్తుంది.